2,000 ల్యూమెన్ల గీత: హెడ్‌లైట్లు కడిగే ఏర్పాటు కార్ల నుంచి ఎలా జారిపోయింది

పదేళ్లు దాటిన ఖరీదైన కారు ఎక్కడైనా ఆగి ఉంటే, దాని హెడ్‌లైట్‌కి సరిగ్గా కింద, బంపర్ మీద ఒకసారి చూడండి. అగ్గిపెట్టెంత సైజులో, బంపర్ రంగులోనే కలిసిపోయిన చిన్న మూత చాలా కార్లకు కనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లలో చాలామందికి అదేమిటో తెలియదు, బండిని లాగడానికి హుక్ బిగించే రంధ్రం మూత అనుకుంటారు. లైట్లు వేసి, ముందు అద్దం కడగడానికి స్టీరింగ్ పక్కనున్న కాడను లాగి పట్టుకుంటే అసలు సంగతి బయటపడుతుంది. ఆ మూత ముందుకు పొడుచుకొస్తుంది, దాని వెనక నుంచి వేలెడు పొడవున్న గొట్టం బయటికి వచ్చి హెడ్‌లైట్ ముఖాన విసురుగా నీళ్లు కొట్టి మళ్లీ లోపలికి దూరిపోతుంది. మొత్తం రెండు మూడు సెకన్ల పని.

హెడ్‌లైట్ వాషర్ అంటే ఇదే. ఒకప్పుడు యూరప్‌లో జినాన్ లైట్లతో (లోపల తీగ లేకుండా, వాయువులో కరెంటు పారి వెలిగే లైట్లు) వచ్చిన ప్రతి కారుకూ ఇది ఉండేది, ఇప్పటి కొత్త కార్లలో వెతికినా దొరకడం కష్టం. చిన్న వస్తువే కదా, పోతే పోయింది అనిపించవచ్చు. కానీ రోడ్ల మీద బురద తగ్గి ఇది పోలేదు, బురద పట్టని లైట్లు వచ్చి కూడా పోలేదు. నిబంధనల్లో రాసిన ఒక అంకె ఉంది, 2,000 ల్యూమెన్లు (లైటు ఇచ్చే వెలుతురును కొలిచేది ల్యూమెన్లలో), ఆ అంకెను దాటకుండా లైట్లు తయారు చేయడం కంపెనీలకు అలవాటైంది, అందువల్ల పోయింది. రాత్రిపూట రోడ్డెక్కే ప్రతి ఒక్కరికీ సంబంధించిన విషయం కాబట్టి కొంచెం ఓపిగ్గా చూడాల్సిందే.

ముందు అసలు సమస్య ఎంతదో తెలియాలి. మట్టి పట్టిన హెడ్‌లైట్ రెండు నష్టాలు చేస్తుంది, అందరికీ తెలిసింది మొదటిదే. బయటికి రావాల్సిన వెలుతురులో కొంత ఆ పొరలోనే ఆగిపోయి రోడ్డు మసకబారుతుంది. ఎంత మసకబారితే ఎంత ప్రమాదమో చిన్న లెక్క వేసి చూడొచ్చు. వెలుతురు దూరం వర్గం లెక్కన పలచబడుతుంది, అంటే రెట్టింపు దూరంలో నాలుగో వంతే పడుతుంది. దీన్నే తిరగేస్తే, మట్టి వల్ల లైటు శక్తి నాలుగో వంతుకు పడిపోయిందనుకోండి, ఇంతకుముందు 100 మీటర్ల అవతల ఉన్న మనిషి మీద పడిన వెలుతురు ఇప్పుడు అతను 50 మీటర్లలోకి వస్తేగానీ పడదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని గుర్తించి కాలు బ్రేక్ మీదికి వెళ్లేసరికి ఒకటిన్నర సెకను అనుకుంటే 33 మీటర్లు అయిపోతాయి, పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేస్తే ఆగడానికి ఇంకో 35 మీటర్లు, మొత్తం దగ్గర దగ్గర 70 మీటర్లు కావాలి. 100 మీటర్ల దగ్గర కనిపించిన మనిషి బతుకుతాడు. 50 మీటర్ల దగ్గర కనిపిస్తే బండి అతని దాకా వచ్చాక కూడా ఆగదు. ఈ రెంటికీ మధ్య తేడా ఆ మట్టి పొర ఒక్కటే.

పైగా ఈ తగ్గుదల డ్రైవర్‌కి తెలియదు. ఒక లైటు టక్కున ఆరిపోతే ఎవరికైనా తెలుస్తుంది, అదే మూడు గంటల ప్రయాణంలో రెండు లైట్లూ కొద్దికొద్దిగా తగ్గుతూ పోతే కన్ను ఆ తక్కువ వెలుతురుకే అలవాటు పడిపోతుంది. ముందు అద్దం మీద మరక పడితే అది ముఖం ఎదురుగానే ఉంటుంది, చిరాకు పుడుతుంది, వెంటనే వైపర్ వేస్తాం. హెడ్‌లైట్ ముఖం సీట్లో కూర్చున్నవాళ్లకు కనిపించదు. బండి దిగి ముందుకెళ్లి వంగి చూస్తే తప్ప దాని మీద ఏముందో ఎవరికీ తెలియదు, రాత్రి పూట దిగి అలా చూసేవాళ్లు ఎంతమంది?

రెండో నష్టం ఎదుటివాళ్లకు. లో బీమ్ (డిమ్ లైటు) వేసి గోడ ముందు బండి నిలబెడితే, కత్తితో కోసినట్టు ఒక గీత కనిపిస్తుంది, కింద వెలుతురు, పైన చీకటి. ఆ గీత ఉండబట్టే ఎదురుగా వచ్చే డ్రైవర్ కళ్లలోకి లైటు కొట్టకుండా ఉంటుంది. లెన్స్ మీద మట్టి రేణువులు కూర్చుంటే, ఒక్కో రేణువూ తన మీద పడిన వెలుతురును ఇష్టమొచ్చిన దిక్కుకు చెదరగొడుతుంది. రోడ్డు మీద పడాల్సిన వెలుతురులో కొంత ఆ గీత దాటి పైకి, ఎదుటివాళ్ల కళ్లలోకి పోతుంది. అంటే మట్టి పట్టిన లైటు తన డ్రైవర్‌కి తక్కువ చూపిస్తూ, ఎదుటి డ్రైవర్ కళ్లలో ఎక్కువ కొడుతుంది. లైటు ఎంత శక్తిమంతమైతే ఈ చెదిరే వెలుతురు కూడా అంత ఎక్కువ. నిబంధనలు పెట్టినవాళ్లను భయపెట్టింది ముఖ్యంగా ఈ రెండోదే, 2,000 అనే అంకె పుట్టడానికి మూలం కూడా ఇక్కడే ఉంది.

ఈ సమస్యను అందరికంటే ముందు పట్టించుకున్నవాళ్లలో స్వీడన్ వాళ్లు ఉన్నారు. అక్కడి చలికాలం ఎలా ఉంటుందో ఊహించుకుంటే కారణం అర్థమైపోతుంది. మధ్యాహ్నం మూడు గంటలకే చీకటి పడుతుంది, రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు, జారకుండా టైర్లకు ఇనుప మేకులు ఉంటాయి, ఆ మేకులు తారును గీకి సన్నటి నల్ల పొడి చేస్తాయి. కరిగిన మంచు, ఉప్పు, ఆ తారు పొడి కలిసి ముందు పోయే బండి టైర్ల నుంచి సన్నటి తుంపరలా లేచి, సరిగ్గా వెనకవచ్చే కారు ముఖం మీద పడుతుంది. అలాంటి రోడ్డు మీద కొద్దిసేపు తిరిగితే చాలు, హెడ్‌లైట్ బూడిదరంగు గాజుముక్కలా తయారవుతుంది. అమెరికాలో షెవ్రొలే 1969లో కొన్ని మోడళ్లకు హెడ్‌లైట్ మీద నీళ్లు చిమ్మే ఏర్పాటును అదనపు ఆప్షన్‌గా ఇచ్చింది గానీ, మొండి మురికికి ఉత్త నీళ్లు చాలవు. 1970లో సాబ్ కంపెనీ తన 99 మోడల్ హెడ్‌లైట్లకు చిన్న చిన్న వైపర్లే పెట్టేసింది. ముందు అద్దం మీద తిరిగే వైపర్‌కి పిల్ల అన్నట్టు, రబ్బరు అంచున్న బుల్లి చెయ్యి హెడ్‌లైట్ మీద అటూ ఇటూ తిరుగుతుంది. తర్వాత వోల్వో 240 లాంటి కార్లకూ అవి వచ్చాయి, మెర్సిడెస్ కార్లలోనూ ఆప్షన్‌గా దొరికాయి. చూడటానికి బొమ్మ కారులా ఉన్నా పని మాత్రం గట్టిది. నీటితో తడిపి, రబ్బరుతో తుడిచే పద్ధతికి మించిన శుభ్రత ఇప్పటికీ ఏ స్ప్రేకీ రాలేదు.

మరి అవి ఎందుకు పోయాయంటే, గాజు పోయింది కాబట్టి. 1990ల నుంచి హెడ్‌లైట్ ముందు భాగం గాజు బదులు పాలీకార్బనేట్ అనే ప్లాస్టిక్‌తో రావడం మొదలైంది. ఇది తేలిక, రాయి తగిలినా పగలదు, ఎలా కావాలంటే అలా వంచుకోవచ్చు, ఇప్పటి కార్ల ముఖాలకు ఉన్న ఆ వంపులన్నీ దాని పుణ్యమే. కానీ గాజుకున్న గట్టిదనం దీనికి లేదు, తేలిగ్గా గీతలు పడేంత మెత్తన. అందుకే తయారీలోనే పైన వెంట్రుకకంటే పలచని గట్టి పూత ఒకటి వేస్తారు, గీతలు పడకుండా, ఎండకు పసుపెక్కకుండా కాపాడేది ఆ పూతే. ఇసుక రేణువుల మీద రబ్బరు బ్లేడు వేలసార్లు తిరిగితే ఆ పూత ఎన్నాళ్లు ఉంటుంది? ప్లాస్టిక్ లెన్స్ మీద వైపర్ వాడకూడదని ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలే చెప్పేశాయి. దాంతో తుడిచే పని ఆగిపోయి, ముట్టుకోకుండా నీటి దెబ్బతోనే కడిగే పని మిగిలింది.

ముట్టుకోకుండా కడగడమంటే అంత తేలిక కాదు, ఆ చిన్న గొట్టంలో ఉన్న ఆలోచన దగ్గర్నుంచి చూస్తే ముచ్చటేస్తుంది. అందులో బయటికి నెట్టే మోటారు గానీ, గేర్లు గానీ ఏమీ లేవు. డాక్టరు ఇంజక్షన్ సిరంజి లాంటిదే, ఒక గొట్టంలో ఇంకో గొట్టం, లోపల స్ప్రింగు. పంపు తిరగగానే వచ్చే నీటి ఒత్తిడే లోపలి గొట్టాన్ని బయటికి నెడుతుంది. పూర్తిగా బయటికి వచ్చేదాకా ఒక చిన్న వాల్వు నీళ్లను ఆపి ఉంచుతుంది, లేకపోతే సగం దారిలోనే బంపర్ లోపల చల్లేసి ఊరుకుంటుంది. చివరిదాకా వచ్చాక ఒత్తిడి ఇంకా పెరిగి వాల్వు తెరుచుకుంటుంది, నాజిల్ లోపల నీళ్లు సుడి తిరిగి విసనకర్ర ఆకారంలో పెద్ద చుక్కలుగా బయటపడతాయి. చుక్కలు పెద్దవిగా ఉండటం ముఖ్యం, సన్నటి తుంపర అయితే బండి వేగానికి గాలి దాన్ని లెన్స్ దాకా చేరనివ్వదు. పంపు ఆగగానే ఒత్తిడి పడిపోతుంది, స్ప్రింగు గొట్టాన్ని వెనక్కి లాగేసుకుంటుంది, మూత తన చోట కూర్చుంటుంది. నీళ్లు తెచ్చిన శక్తితోనే అన్ని పనులూ ఒక వరుసలో జరిగిపోతాయి.

గొట్టం ఎందుకు బయటికి రావాలి, ఉన్నచోటు నుంచే చల్లొచ్చు కదా అంటే, బంపర్‌లో దాక్కున్న నాజిల్ లెన్స్‌ని పక్కవాటంగానే చూడగలదు, నీళ్లు తగిలి జారిపోతాయి తప్ప మట్టిని కొట్టవు. కొంచెం ముందుకు వచ్చి ఎదురుగా నిలబడితేనే దెబ్బ సూటిగా తగులుతుంది. కొన్ని కార్లకు బంపర్ మీద కొమ్ముల్లా శాశ్వతంగా బయటే ఉండే నాజిల్స్ కూడా వచ్చాయి, అవి చెడిపోయేది తక్కువే గానీ అందానికి ఎవరూ ఒప్పుకోలేదు.

కడిగిందంటే ఎంత కడిగినట్టు? దీనికీ ఒక కొలత ఉంది, ఈ మొత్తం కథలో అన్నిటికంటే నిజాయితీ ఉన్న భాగం ఇదే అనిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 45వ నంబరుది హెడ్‌లైట్ క్లీనర్ల గురించి, 1981 నుంచి అమల్లో ఉంది. సన్నటి ఇసుక, బొగ్గు పొడి, అతుక్కోవడానికి జిగురు లాంటి పదార్థం, నీళ్లు కలిపి ఒక బురద చేసి లెన్స్ మీద పూసి ఆరబెడతారు, లైటు వెలుతురు అసలు దాంట్లో 20 శాతానికి పడిపోయేదాకా. తర్వాత వాషర్ నడుపుతారు. కొద్ది సెకన్ల కడుగుడు తర్వాత వెలుతురు కనీసం 70 శాతానికి తిరిగి రావాలి, లేకపోతే ఫెయిల్. నీళ్ల ట్యాంకుకూ లెక్క ఉంది, ఒకసారి నింపితే 25 సార్లు లేదా 50 సార్లు కడగగలగాలని రెండు తరగతులు. వాషర్ ఉన్న కార్లలో నీళ్ల ట్యాంకు పెద్దదిగా ఉండేది అందుకే, మామూలు కారుకు సుమారు 3 లీటర్లు పట్టే చోట వీటికి 5 లీటర్ల దాకా పడుతుంది.

ఈ నిబంధన క్లీనర్ ఎలా పనిచేయాలో చెప్పింది. ఏ కారుకు అది ఉండి తీరాలో చెప్పింది వేరే నిబంధన, 48వది. అంకె వచ్చింది అందులోనే.

1991లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో జినాన్ లైట్లు రోడ్డెక్కాయి. అప్పటిదాకా అందరికీ తెలిసిన హాలోజన్ బల్బుల్లో హెచ్4 రకం లో బీమ్‌లో ఇచ్చేది 1,000 ల్యూమెన్లు, హెచ్7 రకమైతే 1,500. కొత్తగా వచ్చిన 35 వాట్ల జినాన్ బల్బు ఒక్కటే 3,200 ల్యూమెన్లు ఇచ్చింది. ఇంత వెలుతురు మట్టి పట్టి చెదిరిందంటే ఎదుటి డ్రైవర్ గతేమిటన్న ప్రశ్న సహజంగానే వచ్చింది. కాబట్టి లో బీమ్ వెలుతురు పుట్టించే బల్బు లేదా ఎల్ఈడీ 2,000 ల్యూమెన్లు దాటితే, ఆ కారుకు కడిగే ఏర్పాటు తప్పనిసరి అన్నారు. బరువు వేసినప్పుడు కారు ముక్కు పైకి లేచినా లైటు తనంతట తానే కిందికి దిగే ఏర్పాటు కూడా ఉండాలన్నారు. ఆలోచన మంచిదే. హాలోజన్‌కి మినహాయింపు, జినాన్‌కి పట్టింపు అని ఒక గీత గీశారు. అప్పటికి ఆ రెంటి మధ్య ఏమీ లేదు కాబట్టి గీత ఎక్కడ గీసినా ఒకటే అనిపించి ఉంటుంది.

కానీ గీత కనిపిస్తే దాని పక్కనే ఇల్లు కట్టుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. చాలా ఏళ్ల తర్వాత 25 వాట్ల జినాన్ బల్బు వచ్చింది, డీ5ఎస్, డీ8ఎస్ అనే రకాలు. వాటి వెలుతురు ఎంతంటే, సరిగ్గా 2,000 ల్యూమెన్లు. నిబంధనలో ఉన్న మాట "2,000 దాటితే" అని. 2,000 దాటలేదు. కాబట్టి వాషర్ అక్కర్లేదు, పెద్ద ట్యాంకు అక్కర్లేదు, అదనపు పంపు, పైపులు, గొట్టాలు, రంగు వేసిన మూతలు ఏవీ అక్కర్లేదు, మామూలు కారులోనూ జినాన్ పెట్టి అమ్ముకోవచ్చు. కరెంటు తక్కువ తీసుకుంటుందన్న లాభం కూడా ఉంది, కాదనలేం. అయినా ఆ అంకె అక్కడ ఆగడం యాదృచ్ఛికం అని ఎవరూ నమ్మలేరు. 3,200 నుంచి 2,000కు దిగడం వల్ల మట్టి వల్ల చెదిరే వెలుతురు కొంత తగ్గిందేమో గానీ, మట్టి వల్ల డ్రైవర్ చూపు తగ్గడం ఏమాత్రం తగ్గలేదు. నిబంధన ఎదుటివాడి కళ్ల గురించి రాసింది, బండి నడిపేవాడి చూపు గురించి, రోడ్డు దాటే మనిషి ప్రాణం గురించి రాయలేదు. 1,000 ల్యూమెన్ల హెచ్4 లైటు మీద మట్టి పడితే మిగిలే వెలుతురు ఇంకా తక్కువ కాబట్టి, అసలు కడగాల్సిన అవసరం బలహీనమైన లైటుకే ఎక్కువ. నిబంధన మాత్రం దాన్ని మొదటి నుంచీ వదిలేసింది.

ఈలోగా ఎల్ఈడీలు కూడా వచ్చాయి. 2007లో లెక్సస్ ఎల్ఎస్ 600హెచ్ లో బీమ్‌కు ఎల్ఈడీ వాడింది, మరుసటి ఏడాది ఆడి ఆర్8 మొత్తం హెడ్‌లైట్‌నే ఎల్ఈడీ చేసింది. ఎల్ఈడీ గొప్పతనం ఏమిటంటే, వెలుతురును ఎక్కడ కావాలో అక్కడికే పంపొచ్చు, వృథా తక్కువ. కాబట్టి 2,000 లోపే ఉంటూ జినాన్‌కి దీటుగా రోడ్డును చూపించవచ్చు. గీత దాటాల్సిన అవసరమే లేకుండా పోయింది. వాషర్లు ఒక్కో మోడల్ నుంచి చడీచప్పుడు లేకుండా మాయమయ్యాయి, బ్రోచర్లలో ఎవరూ చెప్పలేదు, కొన్నవాళ్లూ అడగలేదు.

ఇక్కడే అసలు దెబ్బ తగిలింది, చలి దేశాల్లో. హాలోజన్ బల్బు తీసుకునే కరెంటులో చాలా భాగం వేడిగా మారుతుంది, ఆ వేడి వెలుతురుతో పాటే ముందుకు వచ్చి లెన్స్‌ను వెచ్చగా ఉంచుతుంది. మంచు పడితే కరిగి జారిపోతుంది. ఎల్ఈడీ కూడా వేడెక్కుతుంది, కానీ ఆ వేడి చిప్ వెనక పుట్టి, వెనకున్న అల్యూమినియం రెక్కల వైపుకు పోతుంది. లెన్స్ చల్లగానే ఉండిపోతుంది, మంచు కూర్చుంటే కూర్చున్నట్టే. మిచిగన్‌లోనో టొరంటోలోనో ఉండే మనవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే, మంచు తుఫానులో గంట నడిపాక "లైట్లు వెలుగుతున్నాయా లేదా" అని అనుమానం వచ్చి, పెట్రోల్ బంకు దగ్గర ఆపి చూస్తే రెండు లైట్ల ముందూ గడ్డకట్టిన తెల్లటి పలక ఉంటుంది. మరీ ఘోరమేమిటంటే, అమెరికా నిబంధనలు హెడ్‌లైట్ వాషర్‌ను ఎప్పుడూ తప్పనిసరి చేయలేదు. ఉత్తర అమెరికాలో ట్రక్కులకు మాత్రం సన్నటి తీగలతో లెన్స్‌ను వెచ్చబెట్టే ఎల్ఈడీ లైట్లు అమ్ముతున్నారు, కారు వెనక అద్దం మీద ఉండే హీటర్ గీతల్లాంటివే. ట్రక్కుకు ఉన్న సౌకర్యం పిల్లల్ని స్కూల్లో దింపే కారుకు లేకపోవడం ఎలా సరైందో ఎవరైనా చెప్పాలి.

కంపెనీల వైపు వాదన కూడా వినాలి, పూర్తిగా తప్పేమీ కాదు. వాషర్ ఉన్న కార్ల యజమానులే దాని మీద విసుక్కున్నారు. ముందు అద్దం మీద చిన్న పిట్ట రెట్ట తుడవడానికి కాడ లాగితే, హెడ్‌లైట్ నాజిల్స్ కూడా లేచి రెండు వైపులా నీళ్లు కుమ్మరించేవి, ట్యాంకు మూడు రోజుల్లో ఖాళీ. చాలామంది ఫ్యూజు పీకేసుకున్నారు. తర్వాత తయారీదార్లు లెక్క పెట్టడం మొదలుపెట్టారు, లైట్లు వేసి ఉన్నప్పుడు మొదటిసారి కాడ లాగితే కడుగుతుంది, తర్వాత మళ్లీ అయిదోసారికి కడుగుతుంది, ఇలా. చలికి గొట్టం గడ్డకట్టి బయటే ఉండిపోవడం, మూత ఊడి రోడ్డు మీద పడిపోవడం, కొత్త మూతకు రంగు వేయించడం, ఇవన్నీ నిజమైన ఇబ్బందులే.

కానీ ఈ ఫిర్యాదులను జాగ్రత్తగా చూస్తే, అన్నీ ఒకే లోపం నుంచి పుట్టాయి. ఈ ఏర్పాటును ఆటోమేటిక్ అంటారు గానీ, అందులో ఆటోమేటిక్ ఏమీ లేదు. లెన్స్ మీద మట్టి ఉందో లేదో దానికి తెలియదు. ముందు అద్దం మురికిగా ఉంటే హెడ్‌లైట్ కూడా మురికిగానే ఉంటుందన్న ఊహ మీద, కాడ ఎన్నిసార్లు లాగారో లెక్కపెట్టి నీళ్లు కొడుతుంది. అవసరం లేనప్పుడు చల్లి, అవసరమైనప్పుడు ఊరుకునే యంత్రాన్ని ఎవరు ఇష్టపడతారు? మట్టిని చూసి కడిగే ఏర్పాటు చేసి ఉంటే నీళ్లూ మిగిలేవి, పేరూ నిలబడేది.

అది కుదరని పని అనుకోవడానికి లేదు, ఎందుకంటే ఇప్పుడు అదే కార్లలో అదే పని ఇంకోచోట జరుగుతోంది. ముందు అద్దం వెనక ఉండే కెమెరాకు ఏదైనా అడ్డుపడితే, "కెమెరా మూసుకుపోయింది, శుభ్రం చేయండి" అని డ్యాష్‌బోర్డు మీద వెంటనే మెసేజ్ వస్తుంది. వెనక కెమెరాకు బుల్లి నాజిల్ పెట్టిన కార్లున్నాయి. డ్రైవర్ లేకుండా తిరిగే వేమో ట్యాక్సీల సెన్సర్లకు బుల్లి వైపర్లు ఉన్నాయి, అచ్చం ఆనాటి సాబ్ హెడ్‌లైట్ వైపర్ల మనవళ్లలా. లెన్స్‌ను కంటికి కనిపించని వేగంతో వణికించి నీటి చుక్కల్ని దులిపేసే అల్ట్రాసోనిక్ పద్ధతులు కూడా వచ్చాయి. కెమెరా చూడకపోతే సాఫ్ట్‌వేర్ పని ఆగిపోతుంది కాబట్టి, దాని కంటికి ఇంత శ్రద్ధ. మనిషి కన్ను ఆధారపడేది హెడ్‌లైట్ మీద, దానికి మట్టి పడితే మెసేజ్ ఇచ్చే కారు రోడ్ల మీద దాదాపు కనిపించదు. మట్టి పొర చెదరగొట్టే వెలుతురులో కొంత లెన్స్ లోపలికీ తిరిగి వస్తుంది, దాన్ని కొలిచే చిన్న సెన్సర్ ఒకటి లోపల పెడితే కనీసం "లైట్లు తుడవండి" అని చెప్పడానికైనా పనికొస్తుంది. నీళ్ల పంపు కంటే చవకైన పని అది.

మన రోడ్లకు వస్తే, మంచు లేదు గానీ మిగతావన్నీ ఉన్నాయి. తొలకరి పడ్డ రాత్రి హైవే మీద వెళ్తే ఉసిళ్లు గుంపులు గుంపులుగా లైట్ల మీదికి వచ్చి పడతాయి, తెల్లారేసరికి ఎండిపోయి రెక్కలతో సహా అతుక్కుపోయి ఉంటాయి, ఉత్త నీళ్లకు ఊడవు. ఎర్రమట్టి రోడ్లు, ఇసుక లారీల వెనక లేచే దుమ్ము, వానాకాలం గుంతల్లోంచి చిమ్మే బురద సరేసరి. దీనికి మన దగ్గర ఒక ఆటోమేటిక్ కాని ఏర్పాటు మాత్రం చాలాకాలం నుంచి ఉంది. లారీలో డ్రైవర్ పక్కన ఉండే కుర్రాడిని మనం క్లీనర్ అనే పిలుస్తాం. ధాబా దగ్గర బండి ఆగగానే ముందు దిగి, తడిగుడ్డతో ముందు అద్దం, తర్వాత రెండు లైట్లు తుడిచేది అతనే. ఆ కుర్రాడి కన్ను ఏ సెన్సర్‌కీ తీసిపోదు, మట్టి ఉంటేనే తుడుస్తాడు. కారుకి, ఆటోకి, బైకుకి క్లీనర్ లేడు. 2017 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే బైకులకు పగలు కూడా హెడ్‌లైట్ వెలుగుతూనే ఉండేలా చేశారు, ఎదుటివాళ్లకు కనిపించాలని. ఆ లైటు మీద వారం రోజుల బురద ఉంటే కనిపించేది ఎంత?

దీనికి తోడు బయట మార్కెట్లో దొరికే ఎక్కువ శక్తిగల బల్బులు. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్ గిన్నెలో జినాన్ కిట్టో, ఎల్ఈడీ బల్బో బిగిస్తే వెలుతురు మొదలే పద్ధతి లేకుండా చెదురుతుంది, దాని మీద మట్టి పడితే చెప్పక్కర్లేదు. శక్తిమంతమైన లైటుకు కడిగే ఏర్పాటు, వంగే ఏర్పాటు రెండూ ఉండాలన్న ఆ నిబంధన వెనక ఉన్న భయం ఇక్కడ ప్రతి రాత్రీ నిజమవుతోంది. ఎదురుగా వచ్చే బండి లైటు కళ్లలో కొట్టి ఒకటి రెండు సెకన్లు రోడ్డే కనిపించకపోవడం రెండు రాష్ట్రాల్లో రాత్రి బండి నడిపే ఎవరికైనా తెలుసు.

పాత దిగుమతి కారో, వాషర్ ఉన్న కారో చేతిలో ఉన్నవాళ్లు దాన్ని చావనివ్వకండి. ట్యాంకులో బోరు నీళ్లు పోయకండి, మన బోరు నీళ్లలో ఉండే సున్నం నాజిల్ సందుల్లో తెల్లగా గడ్డకట్టి మూసేస్తుంది. గిన్నెలు తోమే లిక్విడ్, షాంపూ కూడా వద్దు, నురగ తప్ప ఫలితం ఉండదు. నెలకోసారి లైట్లు వేసి కాడ లాగి పట్టుకుని ఇద్దరు చూడండి, ఒకరు సీట్లో, ఒకరు బయట, రెండు వైపులా గొట్టం పూర్తిగా వచ్చి పూర్తిగా వెనక్కి పోతోందా అని. బ్రిటన్‌లో ఉండేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం, 2009 సెప్టెంబర్ తర్వాత రోడ్డెక్కిన జినాన్, ఎల్ఈడీ కార్లకు వాషర్ ఉంటే అది పనిచేస్తోందా లేదా అన్నది అక్కడి ఏటేటా చేసే తనిఖీలో చూస్తారు.

వాషర్ లేనివాళ్లకు, అంటే మనలో దాదాపు అందరికీ, ఒక సీసా నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. ముందు నీళ్లు పోసి ఇసుక రేణువులు జారిపోనివ్వాలి, ఆ తర్వాతే గుడ్డ తగలాలి. పొడి గుడ్డతో రుద్దితే పైనున్న గట్టి పూత మీద సన్నటి గీతలు పడతాయి, ఆ గీతలు కూడా మట్టిలాగే వెలుతురును చెదరగొడతాయి, పైగా అవి కడిగితే పోవు. ఎండిపోయిన పురుగులుంటే తడిగుడ్డను లైటు మీద పది నిమిషాలు కప్పి ఉంచితే నానిపోయి వాటంతట అవే వదిలేస్తాయి. పెట్రోల్, థిన్నర్ లాంటివి మాత్రం దగ్గరికి రానివ్వకండి, పాలీకార్బనేట్ వాటి వల్ల లోపల్లోపల చిట్లి పొగ కమ్మినట్టు అయిపోతుంది. ఎండకు పసుపెక్కిన లెన్స్ సంగతి వేరు, అది మురికి కాదు, పూత చచ్చిపోయి ప్లాస్టికే పాడవడం. దాన్ని పాలిష్ చేయించి మళ్లీ పూత వేయించాలి, పూత వేయకుండా ఉత్త పాలిష్ చేసి పంపిస్తే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది, కాబట్టి షాపులో ఆ మాట ముందే అడిగి పని అప్పగించండి.